కంతకి అడ్డం పెట్టిన అట్ట

సినిమా హాల్లో నా మొహం ఎరిగినవాడు ఒక్కడూ ఉండడు గాని, నా వంశం మాత్రం అందరికీ తెలుసు. బొమ్మ ఆగడం ఆలస్యం, హాలు హాలంతా వెనక్కి తిరిగి, మా అమ్మతో మొదలుపెట్టి ముత్తాత దాకా వరసపెట్టి తలుచుకునేది. ఎనిమిదో తరగతిలో బడి ఎగ్గొట్టి మళ్ళీ ఆ ఛాయలకి పోనివాడికి అంతకన్నా పేరు ఎక్కడొస్తుంది? అమెరికా వచ్చాక ఆ పేరు కూడా పోయింది. ఇక్కడ బొమ్మ ఆగితే ఎవరూ తిట్టరు. మర్యాదగా లేచి బయటికొచ్చి, టికెట్ డబ్బులు వెనక్కి ఇమ్మంటారు. తిట్టేవాడికి సినిమా మీద ఎంత ప్రేమో నాకు న్యూజెర్సీలోనే అర్థమైంది.

నేను ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని. గుడివాడలో మొదలుపెట్టాను, న్యూజెర్సీలో ఐసెలిన్‌కి దగ్గర్లో రెండు తెరలున్న ఒక పాత హాల్లో ముగించాను. నన్ను ఇక్కడికి తెచ్చింది మా అక్క. ఆ వీసా కాగితాల కథ మీద ఎవరికీ ఆసక్తి ఉండదు, నాకూ లేదు. ఇప్పుడు ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఈమధ్య రీళ్ళ సినిమాల మీద మళ్ళీ మోజు పుట్టింది. గడ్డాలు పెంచిన మన కుర్రాళ్ళు, ముక్కుపుడక పెట్టుకున్న అమ్మాయిలు, “అంకుల్, ఫిల్మ్ లోడ్ చేయడం నేర్పిస్తారా?” అని వస్తున్నారు. లోడ్ చేయడం ఒక మధ్యాహ్నంలో వస్తుంది. మిగతాది రాదు. ఆ మిగతాది వాళ్ళకోసం రాస్తున్నాను. తెలుగు చదవడం రానివాళ్ళకి వాళ్ళ అమ్మలు చదివిపెడతారు.

మస్తాన్ గారి దగ్గర

నాకు పని నేర్పింది మస్తాన్ గారు. బూత్‌లో ఆయన కుర్చీ తెరవైపు ఉండేది కాదు, మెషీన్ వైపు ఉండేది. “బొమ్మ చూసేవాళ్ళు కింద చాలామంది ఉన్నార్రా, నువ్వు చప్పుడు విను,” అనేవారు. ఫిల్ము అతుకు వదిలేముందు చప్పుడు మారుతుంది. ప్రింటు పెట్టె రాగానే రీలు మొత్తం వేళ్ళ మధ్యనుంచి నడిపించమనేవారు. చిరుగు, అతుకు, ఫిల్ము అంచున మెషీన్ పళ్ళు పట్టుకునే కంత చిరగడం, అన్నీ వేలికి తగులుతాయి. వేలు తెగినా ఫరవాలేదు, ఫిల్ము తెగకూడదు. ఈ ఒక్క పని మానకండి. మిగతా అన్నిటిలో మీరు నాకన్నా తెలివైనవాళ్ళే.

ఆయన దగ్గర చూసిన ఇంకో సంగతి చెప్పాలి. ఊరి పెద్దమనిషి ఆడవాళ్ళతో బాల్కనీలో కూర్చున్న రోజున, కిందనుంచి కబురొచ్చేది: “ఆ క్లబ్ పాట దగ్గర కాస్త చూసుకోండి.” చూసుకోవడమంటే మనం చూసి, జనానికి చూపించకపోవడం. ఫిల్ము కోస్తే డిస్ట్రిబ్యూటర్ మనిషి పట్టుకుంటాడు. అందుకని బూత్ గోడలో వెలుతురు బయటికి పోయే కంత ఉంటుంది చూశారూ, దానికి ఒక అట్ట అడ్డం పెట్టేవాళ్ళం. తెర నల్లబడేది. పాట మాత్రం వినపడుతూనే ఉండేది. నేలక్లాసులో ఈలలు, వేరుశెనగ తొక్కలు, మళ్ళీ మా అమ్మ. ఆ చీకట్లో జనం ఊహించుకున్నది తెరమీదున్న దానికన్నా వంద రెట్లు ఘోరంగా ఉండేది.

అట్ట పట్టుకునే సమయానికి మస్తాన్ గారికి ఎప్పుడూ బీడీ గుర్తొచ్చేది. నా చేతికిచ్చి మెట్లమీదికి పోయేవారు. ఎందుకండీ అంటే, “బొమ్మ వేసే చేత్తో ఆపడం నాకు రాదురా,” అనేవారు.

బాసుల గురించి

అమెరికాలో మా హాలు ఓనర్ రావుగారు. మోటళ్ళు నడిపి, సరదాపడి ఈ హాలు కొన్నారు. వాళ్ళ నాన్నగారు కృష్ణా జిల్లాలో హాలు లీజుకి నడిపినవారు. రావుగారు మంచివారు. ముందే చెప్తున్నాను, ఎందుకంటే చదివేకొద్దీ మీకు అనుమానం వస్తుంది. నా భార్య ఆపరేషన్‌కి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ క్యారేజీ పంపించారు.

ఆయనకున్నది ఒకటే జబ్బు. మనవాళ్ళు ఏమనుకుంటారో అని. ఒక హీరో సినిమా ప్రీమియర్ రోజున, ఆ హీరో అభిమానులు బాధపడతారని, పక్క తెరమీద ఆడుతున్న ఇంకో హీరో నిలువెత్తు బొమ్మని తీయించి బాత్రూములో పెట్టించారు. అడిగినవాడు లేడు. ఆ రెండో హీరో అభిమాని ఒకడు బాత్రూముకెళ్ళి చూసుకుని, అప్పుడు గొడవ మొదలైంది. కోపిష్టి బాసుతో బతకొచ్చు. పిసినారి బాసుతో ఇంకా హాయిగా బతకొచ్చు, వాడి లెక్క మనకి తెలుస్తుంది. ఎవరూ అడగని క్షమాపణ ముందే చెప్పేసే బాసుతో మాత్రం కష్టం. ఆయన ఎవరికి భయపడుతున్నాడో ఆయనకే తెలియదు.

డిజిటల్ వచ్చాక పెద్ద తెరమీద నా పని మీట నొక్కడమే అయింది. చిన్న తెర దగ్గర మాత్రం పాత మెషీన్లు రెండూ ఉంచమని రావుగార్ని బతిమాలాను, ఉంచారు. ఆ పుణ్యం ఆయనదే. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ ఒక ఫిల్మ్ క్లబ్ వాళ్ళు పాత సినిమాలు వేయించుకునేవారు. పొద్దున్న పూట అదే హాలు తెలుగు చర్చివాళ్ళది. గుంటూరు, బాపట్ల వైపునుంచి వచ్చిన నర్సులు, ఐటీ వాళ్ళు. ఆరాధనయ్యాక లాబీలో భోజనం. పాస్టర్ జీవరత్నం గారు నాకో ప్లేటు బిర్యానీ బూత్‌కి పంపకుండా తను తినేవారు కాదు.

తలారి డెన్నిస్

మా గేటు దగ్గర టికెట్లు చింపే పెద్దాయన డెన్నిస్. జీవితమంతా ఇళ్ళ కప్పులు వేసి, మోకాళ్ళు పోయాక మా దగ్గర చేరాడు. మనిషి కొబ్బరిచెట్టంత. ఎడమచేతి ఉంగరపు వేలు సగమే ఉంటుంది, కుర్రప్పుడే రంపం తినేసింది. ఆయన చెప్పే కథ ఒక్కటే. కుర్రతనంలో, డెబ్బైల్లో, ఒక రాక్ బ్యాండు వాళ్ళ ఊరికొచ్చింది. పాటలతోపాటు స్టేజీ మీద కొండచిలువ, ఉరికంబం, చివర్లో పాటగాడి తలని మెడమీదికి బ్లేడు జారే గిలెటిన్‌తో నరకడం. స్టేజీ కట్టడానికి పోయిన వడ్రంగుల్లో డెన్నిస్ పొడుగ్గా ఉన్నాడని, నల్ల ముసుగు తొడిగి తలారిని చేశారు. ఆ టూరంతా వాళ్ళతో తిరిగాడు. దాన్నే కెమెరాలు పెట్టి సినిమా తీశారు.

“నేను ప్రతి రాత్రీ ఒక తల నరికాను, సుబ్బా,” అనేవాడు.

“మా రావుగారు రోజుకి రెండు నరుకుతారు, ముసుగు కూడా ఉండదు,” అనేవాణ్ణి.

“నీ తల వరసలో ఉందిలే, తోసుకోకు.”

చిత్రీకరణ చివరి రోజున, తల బుట్టలో పడ్డాక, డెన్నిస్ ముసుగు తీసి, నుదురు తుడుచుకుని, కెమెరాకి చెయ్యి ఊపాడట. దర్శకుడికి నవ్వొచ్చి ఉంచేశాడట. తర్వాత వచ్చిన వీడియోల్లో ఆ ముక్క లేదు. అవి తల బుట్టలో పడేదాకానే ఉంటాయి.

డెన్నిస్ కూతురు డయాన్ పెన్సిల్వేనియాలో ఉంటుంది. ఆ వీడియో ఆమెకి వేసి చూపిస్తే, “ఆ ముసుగులో మన పాలవాడైనా ఉండొచ్చు, డాడ్,” అందట. ఆమె తప్పేం లేదు. తాగే రోజుల్లో డెన్నిస్ ఆమెకి చెప్పినవన్నీ అబద్ధాలే. కరెంటు బిల్లు కట్టానన్నాడు, కట్టలేదు. స్కూలు నాటకానికి వచ్చి వెనకాల నిలబడ్డానన్నాడు, రాలేదు. మానేసి ఎన్నో ఏళ్ళయినా ఆమె ఇంకా ఆయన మాట విని తలూపుతుందే గాని నమ్మదు. “ఇన్నిటిలో ఒక్కటి నిజం చెప్పాను, సుబ్బా. ఆ ఒక్కదానికీ ముసుగుంది,” అనేవాడు. అప్పుడు నేను జోకు వేయలేదు. వేసినా అతకదు.

ప్రింటు వచ్చింది

ఆ సినిమానే ఫిల్మ్ క్లబ్ వాళ్ళు తెప్పించారు. పాత ప్రింట్లు పోగుచేసే ఒక ప్రైవేటు కలెక్టర్ దగ్గరున్న ప్రింటు. విడుదలైనప్పుడు ఘోరంగా పోయిన సినిమా అది. పాటల మధ్య అతికించిన హాస్యం ఎవరికీ నవ్వు తెప్పించక, ఏ ఊరి హాలువాడు ఆ ఊళ్ళో తనకి నచ్చినట్టు కోసేసుకున్నాడు. అందుకని ఏ రెండు ప్రింట్లూ ఒకలా ఉండవు. ఈ ప్రింటు నిండా అతుకులే. రీళ్ళన్నీ వేళ్ళమీద నడిపించుకుంటూ చివరి రీలు చివరికొచ్చాను. దీపానికి ఎత్తిపట్టి భూతద్దంతో చూస్తే, ముసుగు చేతిలో పట్టుకుని, మొహం నిండా నల్లరంగుతో ఒక పొడుగు కుర్రాడు. ఊపుతున్న ఎడమ చేతికి ఉంగరపు వేలు సగమే.

డెన్నిస్‌ని పైకి పిలిచాను. ఆ మోకాళ్ళతో మెట్లెక్కి వచ్చాడు. భూతద్దం ఇచ్చాను. చాలాసేపు చూశాడు.

“ఈ వెధవకి ఎంత జుట్టుందో చూడు,” అన్నాడు. తర్వాత బయటికెళ్ళి డయాన్‌కి ఫోన్ చేశాడు.

సినిమా గురించి నా అభిప్రాయం కూడా చెప్పాలి కదా. జనం అదేదో సైతాను పూజ అన్నారట అప్పట్లో. నాకైతే మా వీధి నాటకాలు గుర్తొచ్చాయి. ఉగ్రవేషం కట్టినవాణ్ణి నలుగురు తాళ్ళతో పట్టుకోవడం, వాడు రాక్షసుడి కడుపు చీలిస్తే గుమ్మడి గుజ్జు, కుంకుమ నీళ్ళు, ముందు వరసలో పిల్లల ఏడుపు. వీళ్ళూ అదే చేశారు, కరెంటు గిటార్లు పెట్టుకుని. మంచి పనివాళ్ళు. బ్లేడు దిగేప్పుడు చప్పుడు ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళు.

రావుగారు లాబీలో పోస్టర్ చూసి నన్ను పట్టుకున్నారు.

“ఏంటయ్యా సుబ్బయ్యా ఇది? ఆదివారం పూట, వాళ్ళు ప్రార్థన చేసుకున్న చోట, పాము మెళ్ళో వేసుకున్న దెయ్యం!”

“దెయ్యం కాదండి, పాటగాడు. ఈపాటికి మనవలకి హోంవర్క్ చేయిస్తుంటాడు.”

“తల నరుకుతాడటగా?”

“వాణ్ణే నరుకుతారండి. నరికేది మన డెన్నిస్.”

“ఏ డెన్నిస్? టికెట్ల డెన్నిసా? ఆయనకి టికెట్టే సరిగ్గా చింపడం రాదు కదయ్యా!” అని, గొంతు తగ్గించి, “చర్చివాళ్ళు కొంతమంది ఉండి చూస్తారట. ఆ నరికేది వద్దు. తీసేయ్,” అన్నారు.

“వాళ్ళు అడిగారాండీ?”

“అడిగేదాకా ఆగుతామా?”

“ప్రింటు మనది కాదండి, కొయ్యకూడదు.”

“కొయ్యమన్నానా? అట్ట పెట్టు.”

ఆ మాట విని ఎన్నేళ్ళయిందో! సముద్రాలు దాటి వచ్చినా మనిషి పెట్టెలో ఏమేం తెచ్చుకుంటాడో చెప్పలేం. డెన్నిస్ కూతురు సంగతి మొత్తం చెప్పాను. ఆయన తల గోక్కుని, “సర్లే, చూద్దాం,” అన్నారు. నేను అది ఒప్పుకోలు అనుకున్నాను.

ఆదివారం

డెన్నిస్ సూటు వేసుకొచ్చాడు. పక్కన డయాన్, ఆమె ఇద్దరు పిల్లలు. నల్ల టీషర్టులు, తెల్లబడ్డ పిలకలతో క్లబ్ ముసలాళ్ళు. వెనక వరసలో జీవరత్నం గారు, చర్చివాళ్ళు ఇంకొందరు. సినిమా బాగానే నడిచింది. చివరి రీలుకి మెషీన్ మార్చాను. అతుకులన్నీ నిలబడ్డాయి. ఇక ఆ గిలెటిన్ పాట మొదలైంది.

అప్పుడు బూత్ తలుపు తెరుచుకుంది. రావుగారు. ఆయన ఎప్పుడూ మెట్లెక్కరు. ఆయాసపడుతూ, చేతిలో స్వీటు డబ్బా మూత.

“ఒక్క నిమిషమే,” అంటూ నేరుగా పోయి కంతకి పెట్టేశారు.

“తియ్యండి రావుగారూ!”

“రక్తం వస్తోందయ్యా!”

“అది రంగండి!”

“రంగని వాళ్ళకి తెలియాలిగా!”

బూత్ ఎంతుంటుందని? ఆయన వీపు తిరుగుతున్న రీలుని ఆనుకునేలా ఉంది. వెనక్కి లాగితే కోటు అంచు ఫిల్ములో పడుతుంది, ఫిల్ము ముక్కలవుతుంది. పక్కనుంచి వంగి మణికట్టు పట్టుకుని గుంజాను. అట్ట వచ్చింది. కంతలోంచి చూస్తే తెరమీద పేర్లు పైకి పోతున్నాయి.

హాలువైపు చెవి పెట్టాను. ఎవరో ఒకరు నన్ను తిడతారని ఎదురుచూశాను. అంత మర్యాద నేనెప్పుడూ వినలేదు.

మన ఊళ్ళలో పాట నచ్చితే “వన్స్ మోర్!” అని అరిచేవాళ్ళు, మేం రీలు వెనక్కి తిప్పి మళ్ళీ వేసేవాళ్ళం. అమెరికాలో ఎవరూ అడగరు. నేనే రీలు తిప్పడానికి పెట్టి, కిందకి పరుగెత్తి, “కూర్చోండి, చివరి రీలు మళ్ళీ వేస్తున్నాను,” అని అరిచాను. క్లబ్బువాళ్ళు కూర్చున్నారు. చర్చివాళ్ళు కూర్చున్నారు. డయాన్ అప్పటికే పార్కింగ్ లాట్‌లో కారు తలుపు తీస్తోంది. డెన్నిస్ వెనకాల పడ్డాడు.

“కొంచెంసేపు ఆగు, హనీ. మళ్ళీ వేస్తారట.”

“డాడ్, పిల్లల్ని తీసుకుని అంత దూరం డ్రైవ్ చేసుకొచ్చాను. సరిగ్గా నువ్వు కనపడాల్సిన చోట చీకటి. నేనేం అనను. నేనేం అన్నానా?”

నేను రొప్పుతూ అందుకున్నాను. “మేడమ్, ఆయన తప్పు కాదు. మా బాస్ అడ్డం పెట్టాడు.”

“ఏం అడ్డం పెట్టారు?”

“స్వీటు డబ్బా మూత.”

ఆమె నావైపు చూసింది, డెన్నిస్‌వైపు చూసింది. “ఇది కొత్తగా ఉంది,” అంది. పిల్లల్ని ఎక్కమంది. నిజం అంత తెలివితక్కువగా ఉంటే ఎవరు మాత్రం నమ్ముతారు? ఆ మూత కథ తెలుగువాడికి చెప్తే తల పట్టుకుంటాడు. అమెరికా వాళ్ళకి చెప్తే ఎవరు అల్లారని అడుగుతారు.

లాబీలోకి వస్తే జీవరత్నం గారు రావుగార్ని అడుగుతున్నారు.

“ఏంటండీ, అసలు చోట చీకటైపోయింది? ఇంతకీ తల తెగిందా లేదా?”

“అదే, మీకు ఇబ్బందవుతుందని...”

“మాకా? బాపట్లలో ప్రతి గుడ్‌ఫ్రైడేకి యేసు శ్రమల నాటకం వేసేవాళ్ళం కదండీ. ఈటె పోటుకి బీట్‌రూట్ రసం మా ఆవిడే కాచేది. వీళ్ళు దేంతో చేశారో చూద్దామని కూర్చున్నాను.”

రావుగారి చేతిలో మూత ఇంకా అలాగే ఉంది.

రీలు మళ్ళీ వేశాను. డెన్నిస్ కూర్చోలేదు, తలుపు దగ్గర నిలబడి చూశాడు. బ్లేడు దిగింది, తల బుట్టలో పడింది, ముసుగు తీసిన కుర్రాడు నుదురు తుడుచుకుని అందరికీ చెయ్యి ఊపాడు. చర్చివాళ్ళు “అంకులే! మన డెన్నిస్ అంకులే!” అని చప్పట్లు కొట్టారు. ఒకాయన “వన్స్ మోర్” అని కూడా అరిచాడు. డెన్నిస్ అప్పటికి లాబీలో చీపురు పట్టుకుని పాప్‌కార్న్ ఊడుస్తున్నాడు.

నా ఫోన్‌తో తెరని ఫోటో తీశాను. చెయ్యి ఊపుతున్నాడు కదా, వేలు అలుక్కుపోయింది. మొహమంతా రంగు. ప్రింటు పెట్టె ఆ రాత్రే వెనక్కి పోయింది, డెన్నిస్ ఆ ఫోటోనే కూతురికి పంపాడు. “ఎవరితను?” అని జవాబొచ్చింది.

మర్నాడు డెన్నిస్ బల్లమీద రావుగారు ఒక స్వీటు డబ్బా పెట్టి వెళ్ళారు. మూతతో సహా.

తర్వాత

ఆ ప్రింటు ఇంకోసారి తెప్పిద్దామని చాలాసార్లు అడిగాను. వినెగర్ వాసన మొదలైంది, కుంచించుకుపోతోంది, ఇక ఏ మెషీన్ మీదా ఎక్కనివ్వను అన్నాడు కలెక్టర్. ఫిల్ము అలా పుల్లగా కుళ్ళుతుంది. వీడియో వాళ్ళకి ఆ చివరి ముక్క దొరకనేలేదు, వాళ్ళు వెతకనూ లేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగింది తక్కువ. తెరమీదున్నది చూపించండి. ఎవరైనా నొచ్చుకుంటారని మీ బాస్ అంటే, ఆ నొచ్చుకునేవాళ్ళ పేరు అడగండి. బూత్ తలుపుకి లోపలినుంచి గడియ పెట్టించుకోండి; నాకు ఆ ఆదివారం దాకా తోచలేదు. ఇంకో మాట. ఈ పని మీద ప్రేమ పెంచుకోకండి అని చెప్పాలనుంది, కానీ మీరు వినరు, నేనూ వినలేదు. అదృష్టం బాగుంటే మీరు రిటైరయ్యేలోపు మెషీన్లు మళ్ళీ అమ్మేస్తారు, పీడా వదులుతుంది.

మరుసటి చలికాలం డెన్నిస్ పోయాడు. గుండె. గేటు వెనక చిన్న అలమరలో ఆయన కోటు, చదివే కళ్ళద్దాలు ఉండిపోతే డయాన్ వచ్చింది. నేనే తీసిచ్చాను. ఆమె ప్రతిదానికీ థాంక్యూ చెప్పింది. వెళ్ళబోతుంటే నాకు నోరాగలేదు.

“మేడమ్, ఒక్క మాట. మీ నాన్న తలారి వేషం నిజం. ఆ ముసుగు తీయడం నా కళ్ళతో చూశాను. ఏ కోర్టుకైనా వచ్చి సాక్ష్యం చెప్తాను. ఫీజు వద్దు, ఒక పెద్ద పాప్‌కార్న్ ఇప్పించండి చాలు.”

ఆమె కోటు మడిచి చేతిమీద వేసుకుంది. నవ్వింది కూడా.

“మా నాన్న ఏం చెప్పినా అవునని సాక్ష్యం చెప్పడానికి మా వంటింట్లో ఎప్పుడూ ఎవరో ఒక ఫ్రెండు ఉండేవాడు,” అంది. “వాళ్ళు కూడా మీలాగే భలే నవ్వించేవాళ్ళు.”